పేషెంటుకు తప్ప అందరికీ

1994 జూన్ 15, బుధవారం. తెనాలి

డాక్టర్ సుందరరామయ్యగారు ఇవాళ కాలేజీకే వచ్చారు. స్టాఫ్ రూములో నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, శకుంతలగారూ, మీరు లాజిక్ చెప్తారు కదా, మా కమిటీని ఒకసారి దిద్దిపెట్టాలి అన్నారు. టెర్మినల్ పరీక్ష పేపర్లు దిద్దమన్నంత తేలిగ్గా అన్నారు.

సంగతేమిటంటే, ఆయన ట్రస్టుకి తెనాలిలో పెద్దాస్పత్రి, బాపట్లలో ఒకటి, రేపల్లెలో ఒకటి చిన్నవి ఉన్నాయి. వైద్యంలో మందులతో తేలని గొడవలు వస్తుంటాయి కదా. కాలు తియ్యాలా వద్దా, గొట్టాలు పీకెయ్యాలా ఉంచాలా, ఉన్న మాట పేషెంటుతో అనాలా మానాలా. అలాంటివి కూర్చుని తేల్చడానికి రెండేళ్ల కిందట ఒక ఎథిక్స్ కమిటీ పెట్టారు. నెలకోసారి, మొదటి బుధవారం మీటింగు. లాయరు బసవేశ్వరరావుగారు, పాస్టరు తోమాసుగారు, ఈయన. ఇప్పుడు ట్రస్టుకు సాయం పంపే సంస్థ వాళ్లు అడిగారట, మీ కమిటీ మంచిదని మీకెలా తెలుసు అని. ఈయనకి జవాబు దొరకలేదట.

మంచి ప్రశ్న. ఒప్పేసుకున్నాను.

ఒకే ఒక్క షరతు. చూడొచ్చు, అడగొచ్చు, రాయొచ్చు. కేసుల్లో మాత్రం వేలు పెట్టకూడదు. మీరు పేపరు దిద్దేవారు, రాసేవారు కాదు అన్నారు. మాటిచ్చాను. ఆ మాట నాకు నచ్చింది కూడా.

జూన్ 19, ఆదివారం

ప్రశ్నలు తయారుచేశాను. మీటింగు కోసం చాలాకాలం ఆగాల్సి వచ్చిందా? మర్యాదగా చూశారా? మీరు చెప్పేది చివరిదాకా విన్నారా? ఇచ్చిన సలహాకి కారణం చెప్పారా? తృప్తిగా ఉందా? భలే కుదిరాయి. నన్ను నేనే మెచ్చుకుంటూ రెండో కాఫీ తాగాను.

జూన్ 25, శనివారం. బాపట్ల

పౌలు అని, బాపట్ల స్టేషన్లో పోర్టరు. వాళ్లమ్మకి షుగరు, కాలు కుళ్లిపోయింది. తియ్యాలని డాక్టరు, వద్దని పెద్ద కొడుకు, తియ్యండని ఇతను. కమిటీ కూర్చుని అన్నదమ్ముల్ని కలిపింది. కాలు తీశారు.

పౌలు ఎంత పొగిడాడో! ఫ్యాను కింద కూర్చోబెట్టి టీ ఇప్పించారండి, మా ఊళ్లో పెద్దమనుషులు కూడా అంత ఓపిగ్గా వినరండి అన్నాడు. తృప్తేనా అంటే, తృప్తేనండి, అన్నయ్యా నేనూ మళ్లీ మాట్లాడుకుంటున్నాం అన్నాడు. మీ అమ్మగారేమన్నారు అని అలవాటుకొద్దీ అడిగాను. ఆవిడకేం తెలుసండి పాపం, మత్తు దిగాక చూసుకుంది అన్నాడు.

తిరుగు బండిలో ఆ ముక్కే చెవిలో తిరిగింది. మార్కులు మాత్రం అన్నిట్లోనూ పూర్తిగా వేశాను. నా ప్రశ్నలకి అతని జవాబులు అవీ మరి.

జూలై 2, శనివారం. రేపల్లె

పాసింజరు లేటు. ఒళ్లంతా చెమట, పౌడరంతా పోయింది. రేపల్లె ఆస్పత్రి హెడ్ నర్సు రాజమ్మ నన్ను సైకిల్ షాపు మీరావలి ఇంటి దగ్గర దింపి, డ్యూటీ ఉందండి అని వెళ్లిపోయింది.

కేసు చదువుకునే వెళ్లాను. మీరావలి భార్య నూర్ బీ. కడుపులో క్యాన్సరు, లివరుకి పాకింది. గుంటూరు వాళ్లు ఇక చేసేదేం లేదన్నారు. ఆవిడకి మాత్రం అల్సరని చెప్పి మందులిస్తున్నారు. ఇక్కడి కుర్ర డాక్టరు చెప్పేద్దామన్నాడు. మీరావలి కాళ్లావేళ్లా పడ్డాడు. ఏప్రిల్లో సంగతి కమిటీకి వెళ్లింది. ఆడమనిషండి, తట్టుకోలేదు అని భర్త. అయితే చెప్పొద్దులే అని కమిటీ. డాక్టరూ సరేనన్నాడు. అందరికీ తృప్తి.

నేను కలవాల్సింది మీరావలిని. అతనేమో ట్యూబులు కొనడానికి పొన్నూరు వెళ్లాడట. తలుపు తీసింది నూర్ బీ. ఇంత బక్క మనిషికి అంత గొంతేమిటో! కుట్టుమిషన్ పక్కనున్న కుర్చీ మీద బట్టలు తీసి నన్ను కూర్చోబెట్టి టీ పెట్టింది. కళ్లు పసుపు పూసినట్టున్నాయి. రేపల్లె మొత్తం మీద పఫ్ చేతులు తనలా కుట్టేవాళ్లు లేరని తనే చెప్పుకుంది. నా జాకెట్టు చూసి, ఎవరు కుట్టారమ్మా, చంకల్లో పట్టేసింది అంది. నిజమే, పట్టేసింది.

అప్పుడు నా ఎదురుగా నేలమీద చతికిలబడి అడిగింది. కమిటీ అమ్మగారు మీరేనా అండి? కమిటీ కాదు, కమిటీ ఎట్లా ఉందో చూసి మార్కులేసే మనిషిని అన్నాను. అయితే మీకు ఇంకా బాగా తెలిసుంటది అంది. ఆ రోజు మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని తెనాలి వెళ్లాడమ్మా. నా గురించి పెద్దోళ్లు కూర్చుని మాట్లాడారంట కదా. ఏం మాట్లాడారమ్మా?

ప్రశ్నల కాగితం నా ఒళ్లోనే ఉంది. అందులో ఆవిణ్ని అడగాల్సినది ఒక్కటి లేదు.

డాక్టర్ని అడగమన్నాను. అడిగానండి, అల్సర్ అంటాడు, అల్సరుకి పెద్దోళ్లు కూర్చుంటారా అంది. టీ గ్లాసు కింద పెట్టాను.

ఎందుకు తెలుసుకోవాలో కూడా తనే చెప్పింది. కొల్లూరులో లాల్ బీ అని వాళ్లక్క, కృష్ణ లంకలో అరటితోట. ఏళ్ల తరబడి మాటల్లేవు. వాళ్లమ్మ మంచాన పడ్డప్పుడు నూర్ బీకి నెలలు నిండుతున్నాయట. ఒట్టిమనిషి కాదు, తట్టుకోలేదని అక్క కబురే పెట్టలేదు. మట్టి చేసేశాక తెలిసింది. ఆ కాన్పూ దక్కలేదు. మా అమ్మ మొహం నాకు చూపించకుండా చేసిందమ్మా, ఆ కాస్త మాట చెప్పకుండా దాచడం కంటే నన్ను చంపెయ్యాల్సింది అంది. ఇంత జరిగాక ఇప్పుడు తన మనసు మెత్తబడిందట. ఎవరు ముందు తగ్గాలన్నదే పేచీ.

చచ్చేదాన్నైతే నేనే వెళ్తానమ్మా, బతికేదాన్నైతే నేనెందుకు వెళ్లాలి, అదే రావాలి. అందుకే అడుగుతున్నా. అని పకపకా నవ్వింది.

నేనూ నవ్వాను. సిగ్గులేని నవ్వు. మాటిచ్చాను కదా, కేసులో వేలు పెట్టనని. కమిటీలో అడిగి చెప్తానన్నాను. త్వరగా అడగండమ్మా అంది.

జూలై 6, బుధవారం. తెనాలి

మీటింగు లేదు. లాయరుగారికి కోర్టు, పాస్టరుగారికి ఎవరిదో సమాధి ప్రార్థన. వచ్చే నెల చూద్దామన్నారు. వచ్చే నెలట! ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని లేచేశాను.

జూలై 9, శనివారం

సుందరరామయ్యగారింటికి వెళ్లాను. నూర్ బీ సంగతి అంతా చెప్పాను. ఆయన మంచివాడు. అదే వచ్చిన చిక్కు, మంచివాడి మీద కోపం నిలవదు. శకుంతలగారూ, నేను చెప్పానే అనుకోండి, రేపటినుంచి రేపల్లెలో ఏ మొగుడూ ఏ అన్నా మన ఆస్పత్రి గడప తొక్కడు, ఆడవాళ్లని అసలు తీసుకురారు, ఆ పాపం ఎవరిది అన్నారు. పద్ధతి ప్రకారం కమిటీకి రాసివ్వండి అన్నారు. రాసిచ్చాను.

నేనే వెళ్లి చెప్పేస్తే? డాక్టర్ని కాను. బంధువుని కాను. ఏ హోదాలో? పైగా మాట. పైగా, నిజం చెప్పాలంటే, భయం. ఆ పచ్చటి కళ్లలోకి చూస్తూ ఆ మాట అనడానికి నాకు భయం.

జూలై 23, శనివారం. రేపల్లె

మీరావలి దొరికాడు. ఇంటర్వ్యూ. నిలబడే జవాబులు చెప్పాడు, కూర్చోమన్నా కూర్చోడు. నా నూర్ కి తెలిస్తే ఆ క్షణమే పోద్దండి, నేను చూడలేనండి అని సైకిలు చక్రం పట్టుకుని ఏడ్చాడు. ఎవణ్ని తిట్టను నేను?

నూర్ బీ కిటికీలోంచి నన్ను చూసింది. చెయ్యి ఊపింది. లోపలికి వెళ్లకుండా వచ్చేశాను.

ఆగస్టు 3, బుధవారం. తెనాలి, సాయంత్రం ఆరు

ఇప్పుడే మీటింగు నుంచి వచ్చాను. మర్చిపోకముందే రాసుకోవాలి.

పేషెంటును అడగాలి అన్నాను. తన సంగతి తను తెలుసుకోవాలని ఉందో లేదో తననే అడగండి, మీ రెండేళ్ల కేసుల్లో ఒక్క పేషెంటూ ఈ గదిలోకి రాలేదు అన్నాను. బసవేశ్వరరావుగారు కళ్లజోడు తీసి, మేడమ్, అడగాలంటే ముందు జబ్బు ఉందని చెప్పాలి కదండీ, చెప్పేశాక, చెప్పమంటావా వద్దా అని అడిగేదేముంటుంది, కాబట్టి అడగడం కుదరదు అని వెనక్కి వాలారు. ఇరవై ఏళ్లనుంచి లాజిక్ చెప్తున్నాను. ఆ మెలిక విప్పలేక పెన్నుకి మూత పెట్టాను.

సరే, కనీసం మనసు కరుగుతుందని లాల్ బీ సంగతంతా చెప్పాను. తెలిస్తేనే కదా ఆవిడ వెళ్లాలో మానాలో తేల్చుకునేది అన్నాను. అదే నేను చేసిన తప్పు. ముగ్గురి మొహాలూ ఒక్కసారి వెలిగాయి. అక్కని మనమే రప్పిద్దాం! ఆవిడే వచ్చేస్తే చెల్లెలికి చెప్పే అవసరమే రాదు కదా. భర్త మాటా నిలబడుతుంది, అక్కాచెల్లెళ్లూ కలుస్తారు. కొల్లూరు చర్చికి ఆదివారం నేనెలాగూ వెళ్తాను, ఇంటికెళ్లి చెప్పొస్తాను, ఊరికే చూడ్డానికొచ్చానని అనమంటాను అన్నారు తోమాసుగారు. సుందరరామయ్యగారు నావైపు తిరిగి, చూశారా, మీవల్లే దారి దొరికింది అన్నారు.

సమోసాలు వచ్చాయి. ఛీ, ఒక్క నిమిషం నాక్కూడా బాగానే ఉందనిపించింది.

అదే రోజు, రాత్రి భోజనాలయ్యాక

ఇప్పుడు తట్టింది లాయరుగారికి చెప్పాల్సిన జవాబు. ఏ జబ్బో తేలకముందే, ఆస్పత్రికి వచ్చిన మొదటి రోజే అడగొచ్చు కదా. నీ సంగతి నీకు చెప్పమంటావా, మీ ఇంట్లోవాళ్లకా అని. ఎంత తేలిక! బస్సు వెళ్లిపోయాక చెయ్యెత్తాను.

ఆగస్టు 14, ఆదివారం. రేపల్లె

వరండాలో ఒకావిడ గోడకి చేరగిలబడి కూర్చుని ఉంది. పక్కన అరటిగెల. కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. లాల్ బీ అని చెప్పక్కర్లేదు, అదే ముక్కు, అదే గడ్డం. మొన్న వచ్చిందట. చెల్లెలు ఎందుకొచ్చావని ఒక్క మాట అడిగి, గోడవైపు తిరిగిపోయిందట. ఇక పలకడం లేదు. నేనేం తప్పన్నానమ్మా, ఆ పాస్టరయ్య అనమన్నట్టే అన్నాను కదా అంది.

లోపల మిషన్ మీద దుప్పటి కప్పేశారు. నూర్ బీ మంచం మీద ఉంది. తలుపెయ్యమంది నన్ను చూడగానే.

మా అక్క వచ్చిందమ్మా అంది. ఎందుకొచ్చావే అంటే, ఊరికే, కల్లో కనపడ్డావు అంటది. కృష్ణకి వరదొచ్చే రోజులు, లంకలో గెలలు వదిలేసి ఊరికే వచ్చే మనిషా అది? దాన్ని గుమ్మంలో చూడగానే నాకు తెలిసిపోయింది. నేను పోతున్నాను. అంతేనా అమ్మా?

మాట ఇచ్చాను. తలుపు వైపు చూశాను. ఎవరూ లేరు. అంతే నూర్ బీ అన్నాను. క్యాన్సరు, ఎక్కువ రోజుల్లేవు, ఎన్నో ఎవరికీ తెలీదు అన్నాను.

ఏడుస్తుందనుకున్నాను. కోపం వచ్చింది. మీ అందరికీ ఎప్పట్నించి తెలుసు అని అడిగింది. ఏప్రిల్ అన్నాను. ఏప్రిల్లో నేను నడుస్తూనే ఉన్నానే అంది. కొల్లూరు బస్సెక్కి, నా కాళ్ల మీద నేనెళ్లి, దాని గుమ్మంలో నిలబడి, చూడవే, నేనే తగ్గి వచ్చాను, ఇప్పుడేమంటావు అని అడిగేదాన్ని కదమ్మా. దాని మెడ పట్టుకుని ఏడ్చేదాన్ని. ఇప్పుడది నా మంచం దగ్గరకొచ్చి జాలిపడతాంది. అప్పుడు అమ్మ సంగతి దాచింది, ఇప్పుడు నా సంగతి నాకే దాస్తాంది. దాన్తో నాకు మాటల్లేవు.

ఆ అబద్ధం మీ అక్కది కాదు, మేం చెప్పించాం అన్నాను. చెప్పిస్తే మాత్రం చెప్పాలా అంది.

కమిటీకి ఎన్ని మార్కులేశారమ్మా అని అడిగింది. ఇంకా వెయ్యలేదన్నాను. వెయ్యండి, మంచోళ్లే పాపం అంది.

లేస్తుంటే చెయ్యి పట్టుకుంది. జ్వరం చెయ్యి. నాకు తెలిసిపోయిందని మా ఆయనకి చెప్పమాకండమ్మా, మగాడు, తట్టుకోలేడు అంది. అక్కతో కూడా అనొద్దంది. అలాగేనని మళ్లీ మాటిచ్చాను. ఇంకేం చెయ్యను? ఆవిడ అడిగినవాటిలో నేను చెయ్యగలిగింది అదొక్కటే.

షాపు ముందు మీరావలి నన్ను ఆపి, ఏమైనా అడిగిందా అండి అన్నాడు. జాకెట్ల గురించి మాట్లాడుకున్నాం అన్నాను. అమ్మయ్య అన్నాడు.

ఆగస్టు 15, సోమవారం

కాలేజీలో జెండా ఎగరేశారు. నాకు చాక్లెట్టు ఇచ్చారు. జేబురుమాల్లో చుట్టి మర్చిపోయాను.

ఆగస్టు 28, ఆదివారం

రేపల్లె వెళ్లాలి. వెళ్లలేదు.

సెప్టెంబరు 12, సోమవారం

రాజమ్మ ఆస్పత్రి నుంచి కాలేజీకి ఫోను చేసింది. ప్రిన్సిపాల్ గదిలో నిలబడి విన్నాను. నూర్ బీ నిన్న మధ్యాహ్నం పోయింది. నిన్న సాయంత్రమే మట్టి అయిపోయింది.

లాల్ బీ చివరిదాకా అక్కడే ఉందట. నోట్లో జావ పోసింది, ఒళ్లు తుడిచింది, తల దువ్వింది. చెల్లెలు అన్నీ చేయించుకుంది కానీ ఒక్క మాట మాట్లాడలేదట. మొగుడితో మాత్రం, అల్సర్ తగ్గాక షాపుకి కొత్త బోర్డు రాయిద్దాం, పచ్చరంగు వేయిద్దాం అనేదట. అంత మొండిదేంటండి అని రాజమ్మ ఆశ్చర్యపోయింది.

ఫోను పెట్టేశాను. ప్రిన్సిపాల్ గారు, దగ్గర బంధువులా అని అడిగారు. కాదండి అన్నాను. క్లాసుకి వెళ్లి సిలాజిజం, రెండు మాటల్లోంచి మూడోది తేల్చే పాఠం, చెప్పాను. మధ్యలో డస్టరు వెతుకుతున్నట్టు బోర్డు వైపు తిరిగాను.

సెప్టెంబరు 25, ఆదివారం

రిపోర్టు రాశాను. ఈ కమిటీ ఓపిగ్గా వింటుంది, మర్యాదైనది, కారణాలు చెప్తుంది, వచ్చినవారందరికీ తృప్తి కలిగిస్తుంది, అయినా చెడ్డది. ఎందుకంటే ఇది పెద్దమనుషుల రాజీ. రాజీకి వచ్చిన ఇద్దరిలో పేషెంటు ఎప్పుడూ లేదు. మొదటి రోజే పేషెంటును అడిగే పద్ధతి పెట్టాలి. ఇంతే రాశాను. నూర్ బీ పేరు రాయలేదు.

అక్టోబరు 5, బుధవారం. తెనాలి

కమిటీకి మీరావలి వచ్చాడు. ఎవరూ పిలవలేదు, తనే వచ్చాడు. అదే ఇస్త్రీ చొక్కా కాబోలు. చేతులు జోడించి నిలబడి, చివరిదాకా ఏమీ తెలీకుండానే పోయిందండి, నవ్వుతూనే మాట్లాడేది, షాపుకి పచ్చరంగు వేయించమని కూడా చెప్పింది, మీ దయ అన్నాడు. సుందరరామయ్యగారు కళ్లజోడు తుడుచుకున్నారు. తోమాసుగారు కళ్లు మూసుకుని ప్రార్థన చేశారు. ఇదండీ మన పనికి అర్థం, ఈ కేసు రిపోర్టులో వివరంగా పెట్టాలి అన్నారు బసవేశ్వరరావుగారు. అందరూ నావైపు చూశారు.

నోరు తెరిస్తే ఆ మనిషి అక్కడే కూలిపోతాడు. తెరవకపోతే నూర్ బీ పడ్డ బాధంతా వీళ్ల గొప్పకింద జమైపోతుంది. ఆవిడకిచ్చిన మాట ఉంది. తెరవలేదు. పళ్లు నూరుకుంటూ టీ తాగాను.

అతను వెళ్లాక నా రిపోర్టు చదివారు. చెడ్డది అనే మాట మాత్రం మార్చండి, మెరుగుపరచదగినది అందాం అన్నారు సుందరరామయ్యగారు. మార్చాను. నేను చెప్పిన పద్ధతి పెడతామన్నారు. ఈసారి నిజంగానే పెడతారు, ఆ మనిషి మాట తప్పడు. కొత్త సంవత్సరం నుంచి నన్ను కమిటీలో మెంబరుగా కూడా వేశారు.

నవంబరు 20, ఆదివారం

కుట్టించుకున్న కొత్త జాకెట్టు వచ్చింది. చంకల్లో పట్టేసింది. చాలాసేపు ఏడ్చాను.

1995 జనవరి 4, బుధవారం

మెంబరుగా నా మొదటి మీటింగు. కొత్త పద్ధతి ప్రకారం కాకుమాను నుంచి వచ్చిన ఒకామెను పిలిపించారు, వయసు నలభై ఉంటుంది. డాక్టరు పరీక్షలు రాసిచ్చింది ఇవాళే, జబ్బేమిటో ఎవరికీ ఇంకా తెలీదు. కుర్చీ వేసి కూర్చోబెట్టాం. నేనే అడిగాను. నీ సంగతి ఏం తేలినా నీకు చెప్పమంటావా అమ్మా, మీ ఇంట్లోవాళ్లకా?

ఆవిడ గుమ్మం బయట నిలబడ్డ భర్త వైపు చూసింది. ఆయనకే చెప్పండి అంది. మళ్లీ అడిగాను. కుర్చీలోంచి లేచి నిలబడి, నేనేం తప్పు చేశానండీ, నన్నిట్టా అడుగుతున్నారు అంది.

మీటింగు పుస్తకంలో పేషెంటును అడిగాం అని రాశారు. సంతకం పెట్టాను.